పిల్లి కప్పెట్టింది తవ్వి చూడాలి: కడుపు, పేగుల బాధలకు గోదావరి డెల్టా ఇళ్ళకో మార్గదర్శి

పిల్లి తన పెంట తానే కప్పెట్టుకుంటుంది. మనవాళ్ళు దాన్ని గుట్టుకి సామెతగా వాడుకున్నారు గానీ, పిల్లిని పెంచేవాళ్ళకి అదే పెద్ద చిక్కు. గేదె పేడ పల్చబడితే కొట్టం ఊడ్చేటప్పుడే తెలిసిపోతుంది. పిల్లి మాత్రం గోడ దూకి, పక్కింటి కొబ్బరిచెట్టు మొదట్లో పని కానిచ్చుకుని, మట్టి లాగేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంటుంది. నాలుగు రోజులుగా విరేచనాలు అవుతున్నా మనకు తెలిసేది దాని వెన్నుపూసలు చేతికి తగిలాకే.

మాది అమలాపురం దగ్గర కాలవగట్టు మీది ఇల్లు. పదిహేనేళ్ళుగా ఇంట్లో పిల్లి లేని రోజు లేదు. నేను డాక్టర్ని కాను. డాక్టరు దగ్గరకు ఎప్పుడు పరిగెత్తాలో, ఎప్పుడు ఒక రోజు ఆగి చూడొచ్చో దెబ్బలు తిని నేర్చుకున్నవాణ్ణి. మందు పెట్టే ముందు చూడటం నేర్చుకోవాలన్నదే ఇక్కడ మొదటి పని.

1. పెంట మీ కళ్ళబడే ఏర్పాటు చేసుకోండి

బయట తిరిగే పిల్లికైనా ఇంట్లో ఒక ట్రే అలవాటు చేయండి. ట్రేలో పోయడానికి కొన్న లిట్టరే అక్కర్లేదు. కోనసీమలో కొబ్బరి పీచు పొట్టు ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది, తడి బాగా పీలుస్తుంది. జల్లించిన ఇసుకైనా సరే. పిల్లులు ఎన్నుంటే అంతకు ఒక ట్రే ఎక్కువ ఉండాలి. రోజుకు రెండుసార్లు శుభ్రం చేయండి. చేసేటప్పుడు ముక్కు మూసుకోండి గానీ కళ్ళు మూసుకోకండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పని వేరేవాళ్ళు చేయాలి, టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి పిల్లి పెంట ద్వారా రావచ్చు.

2. ఏం చూడాలి

ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లి సాధారణంగా రోజుకు ఒకటి రెండు సార్లు దొడ్డికి వెళ్తుంది. రంగు ముదురు గోధుమ, ఆకారం నిలబడి ఉంటుంది, తీస్తే కింద మరక పెద్దగా మిగలదు.

పల్చబడినప్పుడు అది పేగులో ఎక్కడి బాధో కొంతవరకు మనమే పోల్చుకోవచ్చు. వెళ్ళేది తక్కువసార్లే అయినా ప్రతిసారీ బాగా ఎక్కువగా, నీళ్ళగా పోతూ, ఒళ్ళు చిక్కిపోతుంటే చిన్న పేగు బాధ అనుకోండి. మాటిమాటికీ వెళ్ళి కొంచెం కొంచెం, జిగటగా, చివర్లో ఎర్రటి నెత్తురు చుక్కతో ముక్కుతుంటే అది పెద్ద పేగు. తారులాగా నల్లగా, జిగురుగా ఉంటే నెత్తురు పైన ఎక్కడో కారి అరిగి వస్తోందన్నమాట, అది ఆగి చూసే విషయం కాదు. తోక కింద, పడుకున్న గుడ్డ మీద వరినూకల్లాంటివి అంటుకుని ఉంటే అవి బద్దెపురుగు ముక్కలు.

ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. గ్యాలరీలో మనవడి ఫొటోల మధ్య పిల్లి పెంట ఉండటం ఎబ్బెట్టుగానే ఉంటుంది. కానీ "కొంచెం లూజుగా అవుతోందండి" అని చెప్పేదానికన్నా డాక్టరుకు ఆ ఫొటో నాలుగింతలు పనికొస్తుంది.

3. ముక్కుతోందా? ఏకికా (మూత్రానికా), దొడ్డికా, ముందది తేల్చండి

మొత్తంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

మా గంగులు మగపిల్లి. వేసవిలో ఓ రోజు పొద్దున్నుంచి ట్రేలోకి ఎక్కుతోంది, ముక్కుతోంది, దిగుతోంది. మళ్ళీ ఎక్కుతోంది. మధ్యలో ఒక తీరుగా అరుపు. మలబద్ధకం అనుకున్నాం. పక్కింటి పిన్ని "చెంచాడు ఆముదం పోయరా, సాయంత్రానికి సుబ్బరంగా అయిపోద్ది" అంది. పోశాం. సగం కక్కేసింది. సాయంత్రానికి ఏమీ అవలేదు సరికదా, మెడ వాల్చేసి వాంతులు మొదలుపెట్టింది. డాక్టరు పొట్ట పట్టుకుని చూసి, "ఇది దొడ్డి కాదండీ, ఒంటేలు ఆగిపోయింది. ఇంకో పూట ఆగి ఉంటే దక్కేది కాదు" అన్నారు. మూత్రాశయం గట్టిపడి నిమ్మకాయంత చేతికి తగులుతోంది. మత్తిచ్చి, గొట్టం వేసి తీశారు. బతికింది. పిన్ని ఇప్పటికీ ఆముదం వల్లే బతికిందని చెబుతుంది.

మగపిల్లికి మూత్రనాళం చాలా సన్నం. సన్నటి రవ్వలో, జిగురు ముద్దో అడ్డుపడితే చుక్క రాదు. మూత్రంతో పోవాల్సిన పొటాషియం నెత్తుర్లో పేరుకుని గుండెను ఆపేస్తుంది. రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది, ఒక్కోసారి అంతకన్నా ముందే.

తేల్చుకునే పద్ధతి: ట్రేలో పొట్టు మొత్తం మార్చండి, లేదా అడుగున తెల్ల కాగితం పరవండి. పిల్లి దిగగానే చూడండి. తడి ఉందా? ఎంత ఉంది? మాటిమాటికీ వెనక భాగం నాక్కుంటూ, తడి లేకుండా ముక్కుతున్న మగపిల్లి ఉంటే అప్పటికప్పుడు బయల్దేరండి, అర్ధరాత్రయినా సరే. మూత్రాశయం గట్టిగా ఉందేమోనని ఇంట్లో నొక్కి చూడకండి, పగిలిపోవచ్చు. కోనసీమలో ఏ బాధకైనా చేతికొచ్చేది కొబ్బరిబొండమే కదా, అది మాత్రం పట్టకండి. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, ఈ స్థితిలో అది అగ్గికి ఆజ్యం.

4. ఆగకుండా వెళ్ళాల్సినవి

పైన చెప్పిన మూత్రం ఆగడం మొదటిది. నల్లటి పెంట, గుక్కెడు నెత్తురు, తాగిన నీళ్ళు కూడా కక్కేసే వాంతులు, ఉబ్బి గట్టిపడ్డ పొట్ట, పసుపుపచ్చబడ్డ కళ్ళు చెవులు, నోట్లోంచి గానీ వెనక నుంచి గానీ వేలాడే దారం: వీటిలో ఏదున్నా ఇంటివైద్యం లేదు.

దారం సంగతి కొంచెం చెప్పాలి. సంక్రాంతికి గాలిపటాల దారం, మిగతా కాలమంతా పూలదండల దారం, గేలం తీగ, సూదీదారం మన ఇళ్ళలో తక్కువేం కాదు. పిల్లి నాలుక ముళ్ళు లోపలి వైపు తిరిగి ఉంటాయి, నోట్లో పడ్డ దారాన్ని ఉమ్మలేక మింగేస్తుంది. ఒక కొస నాలుక కింద చిక్కుకుని రెండో కొస పేగులోకి పోతే, పేగు ఆ దారం మీద కుచ్చిళ్ళలా ముడుచుకుపోతుంది. వేలాడుతోంది కదా అని లాగితే పేగు తెగుతుంది. లాగొద్దు, కత్తిరించొద్దు, అలాగే తీసుకెళ్ళండి.

పొలం ఊళ్ళకు ఇంకొకటుంది. ఎలుకల మందు. వరి పొలాల్లో 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు బ్రోమాడియోలోన్ మందు పొడి కలిపి పొట్లాలు పెడతారు. ఆ ఎర తిన్న ఎలుకను పిల్లి తింటే, విషం పిల్లికీ ఎక్కొచ్చు. వెంటనే ఏమీ తెలియదు. కొన్ని రోజుల తర్వాత చిగుళ్ళు పాలిపోతాయి, నల్లగా విరేచనం, ముక్కులో నెత్తురు, ఆయాసం. దీనికి విరుగుడు ఉంది, విటమిన్ కె1. వేళకు అందితే బతుకుతుంది. జింక్ ఫాస్ఫైడ్ అయితే గంటల్లోనే వాంతులు, దానికి విరుగుడు లేదు. పైగా ఆ వాంతిలోంచి వచ్చే వాయువు మనకూ ప్రమాదమే, కారులో అద్దాలు దించుకుని వెళ్ళండి. పొలాల్లో మందు పెడుతున్నారని తెలిస్తే ఆ రోజులన్నీ పిల్లిని ఇంట్లో కట్టడి చేయడం ఒక్కటే దారి.

పిల్లి కూనలకు వేరే లెక్క. మూడు నెలల లోపు కూనకు విరేచనాలు, వాంతులు కలిసి వస్తే సగం రోజు కూడా ఆగకండి. ఒంట్లో నీరూ చక్కెరా రెండూ ఇట్టే పడిపోతాయి. టీకా పడని కూనకు జ్వరం, వాంతులు, కుళ్ళు వాసనతో విరేచనాలు అయితే పాన్‌ల్యుకోపీనియా కావచ్చు. పిల్లుల పార్వో అంటారు కొందరు. ఆ వైరస్ నేలలో, గుడ్డల్లో ఏడాది దాకా బతుకుతుంది. ఫినాయిల్‌కు చావదు. 1 పాలు బ్లీచింగ్ ద్రావణానికి 32 పాళ్ళు నీళ్ళు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి కడగాలి. నల్ల ఫినాయిల్ పిల్లికే విషం, అది నేల మీద నడిచి పాదాలు నాక్కుంటుంది. వరదలు తీశాక ఊరంతా ఫినాయిల్ చల్లే రోజుల్లో నేల పూర్తిగా ఆరేవరకు పిల్లిని బయటకు వదలకండి.

5. విరేచనాలే, పిల్లి హుషారుగా ఉంది: అప్పుడు

పెద్ద పిల్లి, టీకాలు పడ్డది, తింటోంది, ఆడుతోంది, వాంతుల్లేవు. పెంట మాత్రం పల్చగా ఉంది. ఇలాంటప్పుడు 24 నుంచి 48 గంటలు ఇంట్లో చూసుకోవచ్చు.

ముందు ఒంట్లో నీరుందో లేదో చూడండి. భుజాల మధ్య తోలు పైకెత్తి వదిలితే చటుక్కున సర్దుకోవాలి. మెల్లగా దిగితే నీరు తగ్గినట్టే. చిగుళ్ళు తడిగా, జారుడుగా ఉండాలి. వేలికి అంటుకుంటే మంచిది కాదు. చిగురును నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్ల లోపు మళ్ళీ గులాబీ రంగు రావాలి.

పస్తు పెట్టకండి. మనుషులకు లంఖణం పరమౌషధమేమో గానీ పిల్లికి కాదు. రెండు మూడు రోజులు తిండి మానేసిన పిల్లికి, ముఖ్యంగా బొద్దుగా ఉన్నదానికి, ఒంటి కొవ్వంతా కాలేయంలోకి చేరి కామెర్లు వస్తాయి. తోలు, ఎముక తీసిన కోడిమాంసం ఉప్పు, పసుపు, అల్లంవెల్లుల్లి ఏమీ లేకుండా ఉడికించి, చిన్న ముక్కలు చేసి, రోజుకు నాలుగైదు సార్లు కొంచెం కొంచెం పెట్టండి. పాలు, బిస్కెట్లు, ఎండుచేపలు బంద్. పెద్ద పేగు బాధ అనిపిస్తే ఉడికించిన తియ్యగుమ్మడి గుజ్జు ఒక టీస్పూను కలపొచ్చు. గట్టిపడ్డాక నాలుగైదు రోజుల్లో మెల్లగా పాత తిండికి మార్చండి. ఒట్టి కోడిమాంసం మీదే వారాలు నెట్టకండి, అందులో కాల్షియం చాలదు.

నీళ్ళు దగ్గరే పెట్టండి, బలవంతంగా నోట్లో పోయకండి. గింజుకునే పిల్లికి సిరంజితో పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతే విరేచనాల బాధ కాస్తా న్యుమోనియా అవుతుంది. ఆముదానికీ ఇదే వర్తిస్తుంది, పిన్ని వినకపోయినా. రెండు రోజుల్లో తేడా కనబడకపోతే బయల్దేరండి.

6. వాంతి

ముందు అది వాంతో కాదో చూడండి. పొట్ట ఎగరేస్తూ, చొంగ కారుస్తూ కక్కితే వాంతి. తిన్న అయిదు నిమిషాల్లో, ఏ శ్రమా లేకుండా, అరగని తిండి గొట్టం ఆకారంలో బయటపడితే అది గబగబా తినడం వల్లనో, అన్నవాహికలో ఇబ్బంది వల్లనో. గబగబా తినేదానికి వెడల్పు పళ్ళెంలో పలచగా పరిచి పెడితే సగం తగ్గుతుంది. మెడ చాచి, నేలకు ఒదిగి ఖళ్ళుఖళ్ళుమంటూ ఏమీ రాకపోతే అది ఉబ్బసం దగ్గు కావచ్చు. వెంట్రుకల ఉండ అనుకుని నెలలు గడిపేసేవాళ్ళున్నారు. వీడియో తీసి చూపించండి.

వెంట్రుకల ఉండ నెలకొకటి వస్తే కంగారు లేదు, రోజూ దువ్వండి. వారం వారం వస్తే కారణం వెంట్రుకలు కాక పేగు కావచ్చు.

కడియం నర్సరీలకు దగ్గర్లో ఉన్నవాళ్ళు కుండీలు ఒకసారి చూసుకోండి. లిల్లీ జాతుల్లో కొన్నిటి పుప్పొడి నాక్కున్నా పిల్లి మూత్రపిండాలు పోతాయి, మొదటి గుర్తు వాంతులే. సైకస్ మొక్క కాలేయాన్ని దెబ్బతీస్తుంది. బల్లుల్ని వేటాడే పిల్లికి తిండి మీద ధ్యాస తగ్గి, వాంతులై, కళ్ళు పచ్చబడితే బల్లి నుంచి వచ్చే కాలేయపు పురుగు ఉండొచ్చు. మన గోడల మీద బల్లులకు కొదవా? ఈ మాట డాక్టరుకు మీరే గుర్తుచేయండి.

7. నిజంగా మలబద్ధకమే అయితే

ఏకి బాగానే అవుతోంది, రెండు రోజులు దాటినా దొడ్డి లేదు, వచ్చినా గులకరాళ్ళలా ఉంది. ఎక్కువగా నీళ్ళు చాలకే. పిల్లి ఎడారి జంతువు సంతతి, దాహం ఆలస్యంగా వేస్తుంది. రోహిణి కార్తెలో ఎండు గింజల తిండి ఒక్కటే పెడితే జరిగేది ఇదే. తడి తిండి పెంచండి, చేప ఉడికించిన చప్పటి నీళ్ళు పోయండి, నీళ్ళ గిన్నెలు తిండికి దూరంగా రెండు మూడు చోట్ల ఉంచండి. ఎప్పుడో బండి కింద పడి తుంటి ఎముక విరిగి అతికిన పిల్లికి దారి ఇరుకై మలం నిలిచిపోతుంది. ముసలి పిల్లికైతే మూత్రపిండాలు పరీక్ష చేయించాలి.

మూడో రోజు దాటనివ్వకండి. పదేపదే నిలిచిపోతుంటే పెద్ద పేగు సాగిపోయి పిండే శక్తినే పోగొట్టుకుంటుంది. మందుల షాపులో మనుషులకిచ్చే ఫాస్ఫేట్ ఎనిమా వాడొద్దు, పిల్లి చచ్చిపోతుంది. లాక్టులోజ్ సిరప్ పిల్లులకూ వాడతారు, బరువును బట్టి మోతాదు డాక్టరే చెప్పాలి.

8. పురుగుల మందు క్యాలెండర్

కూనకు మూడో వారం నుంచి రెండు వారాలకోసారి, తల్లిపాలు మానాక రెండు వారాల దాకా. అక్కణ్ణుంచి ఆరు నెలలు నిండేదాకా నెలకోసారి. తల్లి పాలలోంచే ఏలికపాములు వస్తాయి కాబట్టి తల్లికీ వేయాలి. బయట తిరిగి ఎలుకల్ని పట్టే పెద్ద పిల్లికి కనీసం మూడు నెలలకోసారి. పైరాంటెల్ ఏలికపాములకు, కొంకిపురుగులకు. బద్దెపురుగుకు ప్రాజిక్వాంటెల్ ఉండాలి. మాత్ర వేసినా నూకలు మళ్ళీ కనబడుతున్నాయంటే ఒంటి మీద గోమార్లు (ఎగిరి దూకే ఫ్లీలు) ఉండొచ్చు, బద్దెపురుగు ఎక్కువగా వాటిలోంచే వస్తుంది. గోమార్లకని కుక్కల పెర్మెత్రిన్ చుక్కలు పిల్లికి వేయకండి, ప్రాణాంతకం.

పురుగుల మాత్రలకు లొంగని విరేచనాలకు జియార్డియా అనే సూక్ష్మజీవి కారణం కావచ్చు. కాలవ నీళ్ళు, వరద నీళ్ళు తాగే పిల్లుల్లో దాన్ని అనుమానించాలి. పెంట పరీక్షలోనే తేలుతుంది.

9. గిన్నెలో ఏముంది

పిల్లికి పాలు ప్రాణం అనుకుంటాం. కళ్ళు మూసుకుని తాగే మాట నిజమే, తర్వాత మనం కళ్ళు తెరిచి కడగాలి. తల్లిపాలు మానాక చాలా పిల్లులకు పాలలోని చక్కెర అరగదు. తల్లిలేని కూనకు కూడా ఆవుపాలు కాదు, పిల్లి కూనల పాలపొడే పట్టాలి.

చేప పెట్టండి, ఉడికించి. చాలా పచ్చిచేపల్లో ఉండే ఒక పదార్థం బి1 విటమిన్‌ను విరిచేస్తుంది. ఉడికిస్తే అది పోతుంది, పురుగుల గుడ్డూ పిల్లా కూడా పోతాయి. బొచ్చె, శీలావతి తలకాయలు వండి ముళ్ళు తీసి పెట్టండి. పుస్తెలమ్మి కొన్న పులస పిల్లికెవరూ పెట్టరు గానీ, ఆ పులుసు గిన్నె మాత్రం నాకనిస్తారు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి నెత్తుర్లోని ఎర్రకణాలను పగలగొడతాయి, గిన్నె కడిగేయండి. వండిన కోడి ఎముకలు విరిగి గుచ్చుకుంటాయి. రొయ్య తలకాయల బుట్ట మీద మూత ఉంచండి.

పెరుగన్నం, చేపన్నం మీదే ఏళ్ళు గడిపే పిల్లికి టారిన్ అనే పోషకం చాలక చూపు, గుండె దెబ్బతినొచ్చు. రోజులో ఒక పూటైనా పిల్లుల కోసం చేసిన సంపూర్ణాహారం ఉంటే మంచిది. తిండి మార్చేటప్పుడు వారం పది రోజులు పాతా కొత్తా కలిపి మార్చండి. సంచి అయిపోయిందని ఒక్కరోజులో బ్రాండు మార్చడం వల్ల వచ్చే విరేచనాలే నేను ఎక్కువ చూశాను.

10. ఇంటి మందుల డబ్బా

పారాసిటమాల్ పిల్లికి విషం. ఒక్క మాత్ర చాలు చంపడానికి. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ కూడా విషమే. మన విరేచనాలకు వేసుకునే లోపెరమైడ్ డాక్టరు చెప్పకుండా ఇవ్వకండి.

11. డాక్టరు దగ్గరకు

మన పశువైద్యశాలల్లో ఎక్కువ అనుభవం గేదెలు, ఆవుల మీదే. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు ఉన్నా అవి ముఖ్యంగా పాడి పశువులకే. అందుకే పిల్లి బాగున్న రోజునే పిల్లుల్ని చూసే డాక్టరు రాజమండ్రిలోనా, కాకినాడలోనా, భీమవరంలోనా, రాత్రి ఫోనెత్తేదెవరు అన్నది కనుక్కుని రాసిపెట్టుకోండి. పెద్ద కేసుకు గన్నవరం పశువైద్య కళాశాల ఉంది. సఖినేటిపల్లి వైపు ఉంటే పంటు (నది దాటించే పడవ) వేళలు కూడా లెక్కేసుకోవాలి, పంటు లేకపోతే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి.

బుట్టో, మూత ఉన్న ప్లాస్టిక్ క్రేటో ముందే కొని నడవాలో పడేయండి, దాంట్లో పడుకోవడం అలవాటవుతుంది. ఆనాటి పెంట కొంచెం శుభ్రమైన డబ్బాలో పట్టుకెళ్ళండి. బరువు ఎంత, ఎప్పటినుంచి, రోజుకు ఎన్నిసార్లు, ఏం తింది, చివరి పురుగుల మందు ఎప్పుడు, టీకా పడిందా, ఏకి అవుతోందా: ఒక కాగితం మీద రాసుకుంటే బల్ల దగ్గర కంగారులో మర్చిపోరు. ఇంట్లో ఆముదం పోసి ఉంటే అదీ చెప్పండి. నేను మొదట దాచాను, చివాట్లు తిన్నాను.

12. మూడు వారాలు దాటితే

వచ్చిపోయే విరేచనాలైనా, వాంతులైనా మూడు వారాలు దాటితే దీర్ఘవ్యాధి కిందే లెక్క. వారానికోసారి మీరు పిల్లిని ఎత్తుకుని తూకం ఎక్కి, తర్వాత మీరొక్కరే ఎక్కి, తేడా క్యాలెండర్ మీద రాయండి. డాక్టరు పిల్లి ఇంతవరకు తినని రకం మాంసంతో చేసిన తిండి ఒక్కటే కొన్ని వారాలు పెట్టమంటే, ఇంట్లో అందరితో ఒట్టు వేయించుకోండి. మా తాతగారు చాటుగా వేసే ఎండురొయ్య ఒకటి మొత్తం పరీక్షను రెండుసార్లు పాడుచేసింది. పదేళ్ళు దాటిన పిల్లి బాగా తింటూనే చిక్కిపోతుంటే థైరాయిడ్, మూత్రపిండాలు, పేగు వాపు, పేగు గడ్డ, ఈ నాలుగూ చూడమని అడగండి. రక్తపరీక్షకు, స్కానింగుకు గోదావరి దాటాల్సి రావచ్చు. గంగులికి ఇప్పుడు పన్నెండు. పోయిన నెల తూకంలో రెండొందల గ్రాములు తగ్గింది, వచ్చే సోమవారం వెళ్తున్నాం.